పసుపు గుడ్డలో సెల్‌ఫోను

మా సోమవారం భజన బృందంలో వ్యాఖ్యానం చెప్పే పని నాది. కర్నూలు దగ్గర ఒక చిన్న ఊళ్ళో బట్టల అంగడి నడిపేవాణ్ణి. పగలంతా గుడ్డ కొలవడం, సోమవారం సాయంత్రం శివాలయం మండపంలో కూర్చుని పెద్దల మాటలు నలుగురికీ విప్పి చెప్పడం. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి అన్న మాట నాకు మరీ ఇష్టం. పగ్గం వదిలితే రథం ఏమవుతుందో నేను చెబుతుంటే అవ్వ తాళాలు ఒళ్ళో పెట్టుకుని వినేది. అవ్వంటే మా బృందానికంతా పెద్ద, పాట ఎత్తుకునేది ఆమే. అందుకే ఆ వేసవిలో ఆత్మకూరు రోడ్డు మీద నేను చేసింది రాయడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గే.

ఏటా ఎండాకాలంలో బృందమంతా శ్రీశైలం పోయేవాళ్ళం. జీపు నాదే, తోలేదీ నేనే. ఆ ఏడు మా అమ్మాయి కూడా వచ్చింది. అదే రోజు పదకొండు గంటలకు దాని పదో తరగతి రిజల్టు. సెల్‌ఫోను మా ఇంటికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. హాల్ టికెట్ నంబరు కొట్టి పంపితే మార్కులు మెసేజీలో వస్తాయన్నది కొత్త వింత. అమ్మాయికి లెక్కలంటే భయం. పాసైతే కర్నూల్లో ఇంటర్లో చేర్పిస్తానని, తప్పితే మన అంగట్లోనే కూర్చుని గుడ్డ కొలవమని నేను నవ్వుతూ అన్నాను. నేను నవ్వుతూ అన్నది అది నవ్వకుండా వింది. దారి పొడుగునా భజన పాటలకు పెదవులు కదుపుతున్నదే కానీ గొంతు రాలేదు.

ఆత్మకూరు దాటాక పదకొండయింది. ఇంకాస్త పోతే అడవి, అడవిలో సిగ్నలు ఉండదు. జీపు ఆపి పంపవచ్చు. కానీ మధ్యాహ్నం గుడి మూసేలోపు చేరాలన్న తొందర. రోడ్డు ఖాళీగా ఉంది. ఎడమ చేతిలో సెల్లు, కుడి చేతిలో స్టీరింగు. అమ్మాయి రాసిచ్చిన చీటీలోని నంబరు చూసి ఒక్కొక్క అంకే నొక్కుతున్నాను.

వెనక కూర్చున్న సారు చూశాడు. ఆయన రిటైరైన పంతులు, చిన్నప్పుడు నాకూ చదువు చెప్పినవాడు.

"కర్నూల్లో అయితే ఈపాటికి నీకు జరిమానా రాసుంటారప్పా," అన్నాడు.

"పట్నంలో జనం ఉంటారు సార్, చట్టం కావాల్సిందే. ఈడ ఎవరున్నారు? స్వామి దగ్గరికి పోయేవాణ్ణి స్వామి చూసుకోడా?"

"చూసుకుంటాడులే," అంది అవ్వ పక్క సీటులోంచి. "అట్లని ఆ స్వామి గుడికి పూజారి తాళం వేయకుండా పోతాండాడా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే ఆఖరి అంకె నొక్కి, పంపించి, తలెత్తాను. రోడ్డంతా గొర్రెలు.

బ్రేకు మీద నిలబడ్డాను. జీపు జారుకుంటూ పోయి, ముందున్న పొట్టేలుకు జానెడు దూరంలో ఆగింది. అవ్వ ఒళ్ళోని తాళాలు ఎగిరి కింద పడ్డాయి. గొర్రెల కాపరి తాపీగా వచ్చి బానెట్టు మీద కర్రతో రెండు దెబ్బలు వేశాడు.

"ఏమప్పా, యాడ చూస్తాండావు?"

నా చేతిలో సెల్లు ఇంకా వెలుగుతూనే ఉంది. అతను దాన్ని చూశాడు.

"ఏందో రాసుకుంటాండావా? నా గొర్రెలకు చదువు రాదప్పా. నువ్వు రాసుకుంటాండావని వాటికెట్ల తెలుస్తాది?"

అంతే అన్నాడు. గొర్రెలను అదిలించుకుంటూ పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అవ్వ నా చేతిలోని సెల్లు తీసుకుంది. సంచిలోంచి పసుపు గుడ్డ తీసింది. అది ఆమె మొక్కు కోసం తెచ్చుకున్నది. సెల్లు, ఒక రూపాయి బిళ్ళ అందులో పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో గొణిగి, మూడు ముళ్ళు వేసింది.

"ముడుపు కట్టినా. స్వామి ముందరే విప్పేది. ఇంక తోలు."

జీపు కదిలి ఫర్లాంగు పోయిందో లేదో, అవ్వ ఒళ్ళో ముడుపు కుయ్యిమని మోగింది. రిజల్టు.

అమ్మాయి వెనక నుంచి మెడ చాపింది. "అవ్వా..."

"ముడుపు తల్లీ," అంది అవ్వ. ఆమె గొంతులో కూడా బాధే.

వేరేవాళ్ళయితే నవ్వి విప్పేసేవాళ్ళు. మేం కట్టిన ముడుపును దారిలో విప్పే జాతి కాదు. కావాల్సిన కబురు పసుపు గుడ్డలో పెట్టుకుని నల్లమలలో మూడు గంటలు ప్రయాణం చేశాం. సారు రెండుసార్లు ముడుపును చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఏమంటాండాది సార్?" అని ఎవరో అడిగితే, "ఇంకా దిద్దుతాండారంట," అన్నాడు. అమ్మాయి కూడా నవ్వింది, ఆ రోజు మొదటిసారి.

నేను మాత్రం రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఘాట్ రోడ్డు మలుపులు తిప్పుతూ ఆ కాపరి గురించే ఆలోచించాను. నాకు భక్తి ఉందని, నేను వ్యాఖ్యానం చెబుతానని అతనికెట్లా తెలుస్తుంది? ఎదురుగా వచ్చే బండివాడు మంచివాడో కాదో రోడ్డు మీది మనిషికి తెలిసే దారి లేదు. అతనికి భరోసా కావాలంటే అందరికీ ఒకే కట్టుబాటు ఉండాలి, భక్తుడికీ, భక్తి లేనివాడికీ, జనమున్న పట్నంలో, జనం లేని అడవిలో. ఆ జరిమానా నన్ను అవమానించడానికి పెట్టింది కాదు, ఆ గొర్రెల కోసం పెట్టింది. ఇంత చిన్న మాట ఇన్నేళ్ళ వ్యాఖ్యానంలో నాకు తట్టలేదు.

గుడి అప్పటికే మూసేశారు. సాయంత్రం తెరిచాక దర్శనం చేసుకుని ముందర మండపంలో కూర్చున్నాం. అవ్వ ముడి మీద చెయ్యి వేయగానే సారు గొంతు సవరించుకున్నాడు.

"ముడుపు కట్టినాక అది స్వామిది. హుండీలో వేయాల్సిందే."

"నా రిజల్టు కూడా హుండీలోకేనా సార్?" అంది అమ్మాయి. ఏడుపుకు దగ్గర్లో ఉంది.

"సెల్లు ఇస్తానని నేను మొక్కలేదప్పా," అంది అవ్వ. "బండి తోలేటప్పుడు వీడు దాన్ని ముట్టడని మొక్కినా. సెల్లు వీనిది, మాట స్వామిది." రూపాయి బిళ్ళ తీసి హుండీ కోసం పక్కన పెట్టి, సెల్లు నా చేతికిచ్చింది.

మెసేజీ తెరిచాను. లెక్కలు, సైన్సు, రెండూ తప్పినట్టుంది. అమ్మాయి లాక్కుని చూసింది. దాని ముఖం వాడిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఉన్నట్టుండి చీటీ అడిగింది. పక్కపక్కన పెట్టి చూసింది.

"నాన్నా, ఇది నా నంబరు కాదు. ఏడు కొట్టాల్సిన చోట నాలుగు కొట్టినావు."

రోడ్డుకు సగం కన్ను, నంబరుకు సగం కన్ను పెట్టాను. రెంటికీ అన్యాయం చేశాను. ఎవరో తెలియని పిల్ల తప్పిన బాధ కూడా కాసేపు నేనే పడ్డాను. ఆ పిల్ల కోసం అవ్వ అక్కడే ఒక దణ్ణం పెట్టింది.

ఈసారి అమ్మాయే కొట్టింది, రాతి అరుగు మీద కూర్చుని, ఒక్కో అంకెను రెండుసార్లు చూసుకుని. జవాబు నిమిషంలో వచ్చింది. పాస్. లెక్కల్లో నలభై ఒకటి. సారు ఆ నలభై ఒకటిని పైకి రెండుసార్లు చదివాడు. అవ్వ అక్కడికక్కడే పాట ఎత్తుకుంది. అమ్మాయి గొంతు అందరికంటే పైన వినబడింది.

మరునాడు జీపు ఎక్కేముందు నేనే సెల్లు పసుపు గుడ్డలో చుట్టి అవ్వకిచ్చాను. ఆత్మకూరు దగ్గర సిగ్నలు రాగానే అది మోగడం మొదలుపెట్టింది. రిజల్టు ఏమైందని బంధువులందరి మెసేజీలు అయి ఉంటాయి. ఒకటి, రెండు, అయిదు. గొర్రెలు దాటిన చోటు వచ్చింది. నేను అద్దంలో అమ్మాయిని చూశాను.

"ముందు చూడు నాన్నా," అంది. "మోగనీలే. పాసైనానని నాకు తెలుసు కదా."