ఎక్స్‌రేలో పడని నొప్పి

నాన్న మండపేటలో రైసు మిల్లు జట్టులో బస్తాలు మోసేవాడు. నేను రాజమండ్రిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న రోజుల్లో, ఒకనాడు లారీకి వేసిన బల్ల మీద కాలు మెలిపడి బస్తాతో సహా కిందపడ్డాడు. మోకాలి లోపల టప్పుమని చప్పుడైందన్నాడు. సాయంత్రానికి మోకాలు కొబ్బరిబోండమంత వాచింది. ఎక్స్‌రే తీయిస్తే ఎముక ఎక్కడా విరగలేదన్నారు. గండం గడిచిందనుకున్నాం.

జట్టులో ఒక పద్ధతి ఉండేది. దెబ్బ తగిలి ఎవరైనా ఇంట్లో కూర్చుంటే అతని వంతు బస్తాలు మిగతావాళ్ళు మోసి, అతని చోటు అతనికి అట్టేపెట్టేవారు. మంచి పద్ధతే, కాదనను. కాకపోతే దెబ్బ నిజమేనని వాళ్ళకి నమ్మకం కుదరాలి. పది రోజులయ్యాక జట్టు మేస్త్రీ ఎక్స్‌రే తెప్పించుకుని, ఆ నల్లటి ఫిల్మును ఎండకెత్తి చూశాడు. తర్వాత ఒక్కొక్కరూ చూశారు. టీ కొట్టాయన చేతులు తుడుచుకుని మరీ చూశాడు. అంతా ఎముకల డాక్టర్లే! ఎముక నిక్షేపంగా ఉందని తేల్చి, నాన్న ఒళ్ళు దాచుకుంటున్నాడన్నారు. ఇరవై ఏళ్ళు వాళ్ళ పక్కన బస్తాలు మోసిన మనిషిని అన్నారు ఆ మాట.

నాన్న వాదించే మనిషి కాదు. అమ్మ వావిలాకుతో కాపడం పెడుతుంటే, అటూ ఇటూ తిరిగినప్పుడల్లా లోపల ఏదో జారిపోతోందని నాతో అన్నాడు. ఇంట్లో ఆసుపత్రి చదువు నాదే మరి. అప్పటికి నాకొచ్చినవి రక్తం, మూత్రం పరీక్షలు. ఆ మాత్రానికే నెత్తిన కొమ్ములు మొలిచాయి.

"ఎక్స్‌రేలో ఏం లేదు నాన్నా. వాపు కూడా తీసింది కదా. రేపట్నించి వెళ్ళు," అన్నాను.

మేస్త్రీ మాటకైతే వెళ్ళేవాడు కాదు. నా మాటకి వెళ్ళాడు. మధ్యాహ్నం లోపే, బస్తా వీపు మీద ఉండగా, మోకాలు పక్కకి తిరిగిపోయింది. ఆ తర్వాత ఇక బస్తా ఎత్తలేదు. కర్ర లేకుండా వీధి చివరికి కూడా వెళ్ళలేకపోయాడు.

రెండేళ్ళకి నాకు ఒక మెడికల్ కాలేజీలో స్లైడ్లు తయారుచేసే ఉద్యోగం వచ్చింది. ఒకసారి మోకాలి లిగమెంటు ముక్క ఇచ్చారు, ఎవరో దానం చేసిన దేహంలోంచి తీసినది. లిగమెంటంటే ఎముకనీ ఎముకనీ పట్టి ఉంచే పట్టీ. మైనంలో పొదిగి, పలచటి పొరలుగా కోసి, గోరువెచ్చటి నీళ్ళ మీద తేల్చి, గాజుపలక మీదికి తీసి రంగులు వేశాను. మైక్రోస్కోపులో గులాబీరంగు పోగులు బారులు తీరి కనబడ్డాయి, జడ విప్పాక జుట్టులో మిగిలే వంకీల్లా. వాటి మధ్య నలిగిన ఊదారంగు కణాలు. పోగుల్లో రక్తనాళం వెతికితే గానీ దొరకలేదు. చుట్టూ ఉన్న మెత్తటి పొరలో మాత్రం రక్తనాళాలూ నరాలూ దండిగా ఉన్నాయి.

పాఠం చెప్పే మేడం ఆ స్లైడ్లు చూపిస్తూ డాక్టరు చదువు పిల్లలకి చెబుతున్నారు. ఈ పోగులు తెగితే ఎక్స్‌రేలో పడవట. రక్తం తక్కువ కాబట్టి వాటంతట అవి అతుక్కోవట. ఎముక బాగుందని ఆ కాలి మీద బరువు మోయిస్తే ఉన్న కీలు కూడా పాడవుతుందట. నేను ట్రే పట్టుకుని నిలబడి విన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు. మేస్త్రీకి పిడికెడు, టీ కొట్టాయనకి చిటికెడు. నా వాటాకి గంపెడు.

మేడంని బతిమాలి ఒక శనివారం నాన్నని ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. నువ్వు చెప్పిందే నిజమని చూపిద్దామనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, పోనీలే అని ఆయన నోటితో అనిపించుకుందామనుకున్నాను. స్టూలు మీద కూర్చోబెట్టి పోగులు చూపించాను, నొప్పి తెలిపే నరాలు చూపించాను, మేడం చెప్పిందంతా అప్పజెప్పాను. నాన్న కన్ను ఆనించి చాలాసేపు చూశాడు.

"ఆవేళ నేను చెప్తే నీ కంటికి ఆనలేదు కదమ్మాయ్. ఇప్పుడు దీన్లో ఆనిందా?" అన్నాడు.

కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు. నేను తలూపాను. మెట్ల దగ్గర చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. గోడ పట్టుకుని దిగాడు.