పక్క జాగలో సలాకలు

జంగయ్య మేస్త్రీ పక్క జాగ మింగాలని చూస్తున్నాడని మిర్యాలగూడలో ఆ వాడంతా చెప్పుకుంటోంది. పాలపాకెట్ల దగ్గర పుట్టిన మాట కూరగాయల బండి దాకా వచ్చేసరికి, అతని గోడలో పగులు కూడా ఆ పాపం వల్లేనని ముదిరింది. అది నిజం కాదు. సంగతి మొదటి నుంచి చెప్పుకోవాలి.

జంగయ్యది ఆత్మకూర్. సూర్యాపేట దిక్కు మొరం నేలలో పని నేర్చాడు. అక్కడ నడుము లోతు తవ్వి బండరాళ్లు పేర్చి కడితే చాలు, ఇల్లు కదలదు. మిర్యాలగూడ వచ్చాక ఆ లెక్క తప్పింది. కాలువ కింది నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. దాని మీద రాతి పునాది నిలవదు. గట్టి నేల తగిలేదాకా గుంత తీసి, అడుగున సిమెంటు దిమ్మె పోసి, దాని మీద పిల్లర్ లేపాలి. ఈ పని అతనికి నేర్పింది ఏసుబాబు. కోదాడ మనిషి, పిల్లర్ల ఇనుప సలాకలు వంచి కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. త్రిపురారం నుంచి గరిడేపల్లి దాకా ఇద్దరూ ఒకే బండి మీద తిరిగారు, ఒకే టిఫిన్‌లో తిన్నారు.

తర్వాత పక్కపక్కనే రెండు జాగలు తీసుకున్నారు. ఇరుకు జాగలు. హద్దు మీద ఎవరి దిమ్మె వాళ్లు పోయడానికి చోటు చాలదు. అందుకని రెండిళ్ల పిల్లర్లకూ కలిపి ఒకే దిమ్మె పోశారు, సగం ఇటు, సగం అటు. గుంతలో జంగయ్య నవధాన్యాలు వేశాడు. ఏసుబాబు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. జంగయ్యకు అప్పటికే ఇల్లాలు లేదు, పిల్లలు లేరు. ఇల్లంటే అతనికి గోడ అవతల ఏసుబాబు దగ్గు వినబడే చోటు.

ఏసుబాబు సూర్యాపేటలో పని మీద ఉన్నప్పుడు జంగయ్య తన వైపు బేస్‌మెంట్ కట్టాడు. అదే, నేల నుంచి గడప దాకా లేపే కట్టు. రేపు రోడ్డు ఎత్తు చేస్తే ఇల్లు పల్లమవుతుందని, ఇద్దరూ పెట్టుకున్న గుర్తు మీద ఇంకో రెండు వరసల ఇటుక వేశాడు. ఏసుబాబు వైపు కూడా అంతే ఎత్తు లేపుదామనే అనుకున్నాడు. కానీ ఆ ముక్క ముందుగా చెప్పలేదు. ఏసుబాబు వచ్చి బండి కూడా దిగకుండా చూశాడు.

“పునాది ఒకటేనన్నావు. మరి ఎత్తు నీదొకటీ, నాదొకటీనా? నీ ఇంటి నీళ్లు నా గుమ్మంలోకి రావాలా?”

ఇన్నేళ్ల జోడు మీద ఇంత మాటనా అని జంగయ్యకు రోషమొచ్చింది. అసలు సంగతి చెప్పకుండా తాపీ అందుకున్నాడు. ఏసుబాబు సామాను సర్దుకుని కోదాడ వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి పక్క జాగలో పిల్లర్లు నడుమెత్తున ఆగి ఉన్నాయి. పైన సలాకలు, కింద పల్లేరు. జంగయ్య ఇల్లు పూర్తయింది గానీ, దిమ్మె మీద బరువంతా ఒక పక్కనే పడింది. ఒక వానాకాలానికి ఇల్లు ఇటు కాస్త ఒరిగి గోడ పగిలింది, తలుపు గడపకు పట్టడం మొదలైంది. పొద్దుగూకితే ఆ తలుపును భుజంతో నెట్టి మూసుకుని, ఒక్కడే వండుకుని తింటాడు. ఒకసారి హుజూర్‌నగర్ మీదుగా బస్సెక్కి కోదాడ పోయాడు. పని జరిగే చోట ఏసుబాబు వంగి సలాక వంచుతున్నాడు. ఎదురుగా టీ తాగినంత సేపు చూసి, పిలవకుండా తిరుగు బస్సెక్కాడు.

ఈ మధ్య ఏసుబాబు జాగ అమ్మకానికి పెట్టాడు. కొనేందుకు వెంకట్ అనే ఆయన వచ్చి, సలాకలకు కొత్తగా పూసిన సిమెంటు పాలు చూసి, ఎవరి పనని అడిగాడు. జంగయ్య తనదేనన్నాడు. పిల్లర్లు పగలగొట్టి, దిమ్మెను హద్దు మీద కోసేద్దామని వెంకట్ అంటే, కోయనియ్యనని లోపలికి పోయాడు. అంతే, వాడలో మాట పుట్టింది.

ఎదురింటి కమలాబాయికి ఇంకొకరు చెప్పిన మాట మీద నిలబడే అలవాటు లేదు. మొన్న పొద్దున ఆమె పోయేసరికి జంగయ్య పక్క జాగలో నిచ్చెన వేసుకుని, చేతిలో కుంచె పట్టుకుని ఉన్నాడు.

“జంగన్నా, జాగ మీద కన్ను పెట్టినవని అందరంటున్నరు. నిజమేనా?”

“అననియ్యి చెల్లె.”

“దిమ్మె కోస్తే నీ ఇల్లు కూలుతదని భయమా?”

“ఒరిగింది ఎట్లనో ఒరిగింది. దానికేం భయం.”

“మరి పరాయి జాగల సలాకలకు ఏటేటా గీ పూత ఎందుకే? మనిషి పోయె, జాగ అమ్మకానికాయె. ఇంకా ఏసుబాబు వస్తడనా?”

జంగయ్య కుంచె డబ్బాలో ముంచి, అంచుకు ఒత్తి, చివరి సలాక పట్టుకున్నాడు.

“వస్తడో రాడో నాకెర్కలేదు చెల్లె. వస్తే మాత్రం, సలాకలు తుప్పు పట్టినయి, ఇగ పనికిరావు అని వాపస్ పోవద్దు.”