మేడ మీది తాళంచెవి

పలాసలో జీడిపిక్కల గోడౌన్లకు కొదవ లేదు. వాటి యజమానుల తెలివితేటలకు అంతకన్నా కొదవ లేదు. కాకపోతే ఆ తెలివితేటలు ఎప్పుడూ తుఫాను వెళ్లిపోయాకే బయటికొస్తాయి. బైరాగి కడుపుమంట అంతా అక్కడే.

బైరాగి కామేశ్వరరావుగారి గోడౌన్లో కళాసీ మేస్త్రి. అంటే బస్తాలు మోసే ముప్ఫైమందికి పెద్ద. పెద్ద అని కుర్చీలో కూర్చోడు, తానూ మోస్తాడు. యాభై ఆరేళ్లొచ్చినా ఎనభై కిలోల బస్తాని కొక్కెంతో లాగి వీపు మీదికి తీసుకున్నాడంటే నడకలో తేడా రాదు. పిక్కలో చెమ్మ ఉంటే బస్తా వీపుకి తగలగానే తెలిసిపోతుంది. "ఇది మళ్లా ఎండ సూడాల" అని పక్కన పడేస్తాడు. గుమాస్తా ఉమామహేష్ తేమ కొలిచే మిషను పట్టుకొచ్చి, గుచ్చి, చూసి, ఆఖరికి అదే మాట చెబుతాడు. అంత పనిమంతుడికి నోరే శత్రువు. కోపమొస్తే ఎదురుగా ఉన్నది యజమానా, గోడా అని చూడడు. అనేశాక మాత్రం సాయంత్రం దాకా తనలో తనే కుమిలిపోతాడు.

అతని ఊరు ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వెళ్లే దారిలో. భార్య పేరు ముసలమ్మ. అది అమ్మవారి పేరని పుట్టినప్పుడే పెట్టారు గానీ, ముసలితనం ఈ నాలుగేళ్లలోనే వచ్చింది, అదీ కిడ్నీలు పాడవడం వల్ల. వారానికి మూడుసార్లు పలాస పెద్దాసుపత్రికి వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. ఒక్క వంతు తప్పినా కాళ్లు పొంగి, ఊపిరి అందక, మంచం మీద కూర్చునే తెల్లవారుస్తుంది. కాబట్టి బైరాగికి లోకంలో భయమంటూ ఉంటే అది ఒక్కటే: ఊరికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న ఆ రోడ్డు.

ఎందుకంటే ఆ రోడ్డు సంగతి అతనికి తెలుసు. తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రెండ్రోజులు గోడౌన్లోనే ఉండిపోయాడు. తడిసే బస్తాల్ని పైకెత్తుతూ, ఊళ్లో ఏమైందో తెలియక, ఫోన్లు మూగబోయి. మూడోనాడు నడిచి బయల్దేరితే దారి పొడుగునా కొబ్బరిచెట్లే అడ్డం పడున్నాయి. ఒకటి ఎక్కి దిగితే ఇంకొకటి. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. పెరట్లో పద్దెనిమిది చెట్లకు రెండు మిగిలాయి. ముసలమ్మ బడిలో తలదాచుకుని ఉంది. అప్పటికింకా ఆమెకు ఈ జబ్బు లేదు. అదే ఇప్పుడు జరిగితే? ఆ ప్రశ్న ప్రతి ఏడూ ఆశ్వయుజం రాగానే అతని గుండెల మీద కూర్చుంటుంది.

తిత్లీ తర్వాత కామేశ్వరరావుగారు కూడా ఊరుకోలేదు. ఇన్సూరెన్సు వాళ్లు అడిగారని విశాఖపట్నం నుంచి ఒకాయన్ని పిలిపించి, విపత్తు వస్తే గోడౌన్ ఏం చెయ్యాలో నలభై పేజీల ప్లాను రాయించారు. దానికి ఎర్ర అట్ట వేసి ఆఫీసుగదిలో పెట్టారు. ఉమామహేష్ ఒకసారి బైరాగికి అది చదివి వినిపించాడు. మొదటి పేజీ నిండా ఫోన్ నంబర్లే. అందులో మొట్టమొదటిది బైరాగిది.

"టవర్లే పడిపోతే ఈ నంబర్లు దేనికి? గోడకి సెప్పుకోడానికా?" అన్నాడు బైరాగి.

తర్వాతి పేజీలో సరుకుని వెంటనే పక్క గోడౌన్‌కి తరలించాలని ఉంది. పక్క గోడౌన్ వాళ్లూ అదే పెద్దమనిషి చేత రాయించుకున్నారు. వాళ్ల ప్లానులో సరుకు తరలించాల్సిన చోటు కామేశ్వరరావుగారి గోడౌన్. రెండు గోడౌన్లదీ ఒకటే పల్లం, ఒకటే కాలవ. నీళ్లొస్తే రెండింట్లోకీ కలిసే వస్తాయి. ఉమామహేష్ నవ్వాడు గానీ బైరాగికి నవ్వు రాలేదు. ముప్ఫైమంది కళాసీలు గంటలో హాజరవ్వాలని రాసినాయన, ఆ ముప్ఫైమందిలో ఇరవైమందికి ఉద్దానంలో ఇళ్లున్నాయనీ, గాలి మొదలైతే ఎవడి పెంకు వాడు కాపాడుకుంటాడనీ ఒక్క ముక్క రాయలేదు.

అందుకే అతను తన ప్లాను తను చెప్పాడు. గోడౌన్‌కి మేడ ఉంది. ఒకప్పుడు అక్కడ ఆడవాళ్లు కూర్చుని పప్పు ఏరేవారు. మిషన్లొచ్చాక ఖాళీ. గట్టి స్లాబు, నాలుగు గోడలు, నలభై కుటుంబాలు పట్టే హాలు.

"తుఫానంటే రెండ్రోజుల ముందే మా ఇళ్లోళ్లని తెచ్చి ఆ మేడ మీద ఉంచుకోనివ్వండి బాబూ. మా మనుసులు ఇక్కడుంటే మేం ఇక్కడే ఉంతాం. మీ బస్తాకి సుక్క తగలనివ్వం" అన్నాడు.

"చూద్దాంలే బైరాగీ" అన్నారు కామేశ్వరరావుగారు.

రెండో ఏడు అడిగితే పొయ్యిలు పెడతారన్నారు. మూడో ఏడు అడిగితే ఒకసారి ఎక్కినవాళ్లు దిగుతారా అన్నారు. నాలుగో ఏడు బైరాగి మేడ అడగలేదు, కనీసం కింది వరస బస్తాల కింద చెక్కలెయ్యమన్నాడు. చెక్కలొచ్చాయి, సగం గోడౌన్‌కే. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం ఏం కొరుకుతున్నావని అడుగుతాడు. ఈయన అదీ అడగరు.

ఈ ఏడు వాయుగుండం దసరాల్లోనే పట్టుకుంది. నవమి పొద్దున్నకి అది తుఫానై, మర్నాడు మధ్యాహ్నానికల్లా మన తీరం మీదే పడుతుందని టీవీలో చెప్పేశారు. బైరాగి వేళ్లతో లెక్కేసుకున్నాడు. చెక్కల్లేని వైపు ఆరొందల బస్తాలు. ఉన్నవాళ్లందరూ పట్టుకుంటే మధ్యాహ్నానికి చెక్కలున్న వరసల మీదికి ఎక్కించెయ్యొచ్చు. ఆ తర్వాత ఊరెళ్లి ముసలమ్మని తెచ్చుకోవచ్చు. రేపే ఆమె వంతు.

ఆటో దిగి గోడౌన్లోకి వచ్చేసరికి గంట మోగుతోంది.

ఆయుధపూజ. కాటా, తోపుడుబళ్లు, నీళ్లు తోడే డీజిలు పంపు, కళాసీల కొక్కేలు, తాళంచెవుల గుత్తి, అన్నీ వరసగా పేర్చి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశారు. పంపు మీద ఎర్ర అట్ట ప్లాను కూడా ఉంది. దానికీ బొట్టే. పంతులుగారు హారతిచ్చి, రేపు దశమి పూజయ్యాక ఉద్వాసన చెబుతాననీ, అప్పటిదాకా ఎవరూ దేన్నీ ముట్టకూడదనీ చెప్పి, టెక్కలిలో ఇంకో పూజుందని వెళ్లిపోయారు.

బైరాగికి ఒళ్లు మండిపోయింది.

"ఏటిది బాబూ! తుఫాను నెత్తి మీదకొచ్చీసింది. కొక్కేలు లేకపోతే బస్తాలు ఎలాగెత్తుతాం? పళ్లతోనా?"

"ముప్ఫయ్యేళ్ల ఆచారం బైరాగీ. పూజలో ఉన్నది కదిపితే ఏడాదంతా అరిష్టం. రేపు పొద్దున్నే పంతులుగారొస్తారు. తుఫాను మధ్యాహ్నం కదా."

"తుఫానుకి ఆ ముహూర్తం ఎవలు పెట్టీసినారు?"

"మాటలు మీరనీకు."

"పోనీ, ఆ గుత్తిలో మేడ తాళం ఒక్కటి తియ్యండి. ఇయ్యాలే మా వోళ్లని తెచ్చీసుకుంతాం. రేపు పొద్దున్న మీ పూజవగానే ముప్ఫైమందిమీ ఇక్కడే ఉంతాం."

కామేశ్వరరావుగారు గుత్తి వైపు చూశారు. దాని మీద చేమంతులున్నాయి. "రేపు చూద్దాం" అన్నారు.

బైరాగి ఇంకేదో అనబోయి మింగేశాడు. దండ కింద తన కొక్కెం కనిపిస్తూనే ఉంది, పిడి అరిగి నున్నబడినది. అది లాగి బయటికి తీస్తే ఎవరు ఆపుతారు? కానీ తియ్యలేకపోయాడు. ఆ కొక్కేనికి ఏటేటా మొక్కినవాడే అతనూ. తన మీద తనకే అసహ్యమేసింది.

"ముట్టకూడదన్నారు కదా. ముట్టం" అని కళాసీల వైపు తిరిగాడు. "ఎవలి ఇళ్లకాడికి ఆలు పదండ్రా."

ఆ సాయంత్రమే ముసలమ్మని ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చి, వరండాలో చోటు చూసి కూర్చోబెట్టాడు. పొద్దున్న ఆమెని మిషను మీదికి తీసుకునేసరికి గాలి అందుకుంది. చెప్పిన సమయం కన్నా నాలుగు గంటల ముందే. ఆసుపత్రి కిటికీ రేకులు దడదడలాడుతుంటే బైరాగి ఆ గొట్టంలో తిరుగుతున్న ఎర్రటి రక్తాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఈ వంతు గడిచింది. అంతవరకు చాలు.

అప్పుడు ఫోన్ మోగింది. కామేశ్వరరావుగారు.

"బైరాగీ, ఎక్కడున్నావు? నీళ్లొచ్చేస్తన్నాయి. ప్లానులో మొదటి నంబరు నీదే..." మాట తెగిపోయింది. మళ్లీ కలపబోతే సిగ్నలే లేదు.

కదలకుండా కూర్చున్నాడు. ముసలమ్మే కళ్లు తెరిచి చూసింది.

"ఎల్లు."

"నానెల్లను. సేతులు కాలినాక ఆకులు పట్టుకుంతన్నాడు."

"ఆయన బస్తాలని కాదు. నువ్వెత్తిన బస్తాలవి. ఇక్కడ కూకోని నన్ను తిడతావు గానీ, ఎల్లు."

మోకాటి లోతు నీళ్లలో ఈడ్చుకుంటూ గోడౌన్ చేరాడు. షట్టరు కింది నుంచి నీళ్లు లోపలికి జారుతున్నాయి. పంచె ఎగ్గట్టి, కళ్లజోడు లేకుండా, కామేశ్వరరావుగారు ఒట్టి చేతులతో ఒక బస్తాని చెవులు పట్టి లాగుతున్నారు. అది అంగుళం కదల్లేదు. ఆయన వేళ్లు చీరుకుపోయి నెత్తురొస్తోంది. ఉమామహేష్ వెనక నుంచి తోస్తున్నాడు. పక్కనే ఎత్తరుగు మీద కొక్కేలు, పంపు, గుత్తి, దండలతో సహా అలాగే ఉన్నాయి. పంతులుగారు టెక్కలిలో చిక్కుకుపోయారు. ఉద్వాసన చెప్పేవాడు లేడు.

బైరాగికి అరవాలనిపించింది. ఏడవాలనీ అనిపించింది. గుమ్మంలోనే నిలబడ్డాడు.

కామేశ్వరరావుగారు అతన్ని చూసి, చేతుల్లోని బస్తా వదిలేశారు. అరుగు దగ్గరికి నడిచి, చేమంతులు పక్కకి తోసి, గుత్తి తీశారు. మేడ తాళంచెవి విడదీసి బైరాగి అరచేతిలో పెట్టారు. కుంకుమా నెత్తురూ కలిసి అంటుకుని ఉంది దానికి.

"మీ వాళ్లందర్నీ పిలువు" అన్నారు.

బైరాగి ఫోన్ చూశాడు. సిగ్నల్ లేదు. ఉండి మాత్రం ఏం లాభం? ఉద్దానం దారిలో ఈపాటికి చెట్లు ఒకదాని మీద ఒకటి పడుంటాయి. అవతల ఇరవై ఇళ్లవాళ్లు పెంకుల కింద బిక్కుబిక్కుమంటూ కూర్చునుంటారు. ఈ తాళంచెవి నిన్న ఈ వేళకి చేతిలో పడి ఉంటే వాళ్లంతా ఇప్పుడు ఈ మేడ మీద ఉండేవారు. నిన్న ఈ వేళకి.

దండ తీసేసి తన కొక్కెం అందుకున్నాడు. కామేశ్వరరావుగారికి ఇంకొకటి అందించాడు. ఆయన దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పారు. "అలాక్కాదు బాబూ, ఇలాగ" అని మణికట్టు తిప్పి చూపించాడు. ముగ్గురూ కలిసి ఎత్తగలిగినన్ని ఎత్తారు. రెండొందలు కూడా కాలేదు. మిగిలినవి వాళ్ల కళ్ల ముందే కింది నుంచి నల్లబడుతూ వచ్చాయి.

గాలి తగ్గాక వెళ్లి ముసలమ్మని తీసుకొచ్చాడు. రోడ్డు తెరిచేదాకా ఊరు వెళ్లే దారి లేదు. మేడ తాళం తీసి, దుమ్ము ఊడ్చి, నలభై కుటుంబాలు పట్టే ఆ హాల్లో, కిటికీకి దూరంగా, ఒక్క చాప పరిచాడు.