అలిగిన బతుకమ్మ నాటి నడక

మా వాగు అవతలి ఒడ్డున ఇప్పుడు నడక దారి వేశారు. ఎర్రమట్టి పోసి, రోలరు తొక్కించి, అక్కడక్కడ సిమెంటు బెంచీలు పెట్టారు. దారి మొదట్లో ఒక పచ్చ బోర్డు. పోయిన దసరా సెలవుల్లో మా మనవరాలు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆ బోర్డు గట్టిగా చదివి వినిపించింది. వాగు వెంట, చెట్ల నీడన, పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఎవరైనా అలుపు లేకుండా నడవగల దారి అట. కింద ఇంకో మాట కూడా ఉంది, పూలు కోయరాదని.

"సూసినవా అమ్మమ్మా, నీ అసొంటోళ్ల కోసమే ఏసిండ్రు," అంది.

నాకు ఒళ్లు మండింది. ఈ దారి నాకు కొత్తగా వేసేదేమిటి? ఈ రోలరు పుట్టకముందు నుంచీ నా కాళ్లకు తెలిసిన దారి ఇది. సులువైన దారేనని నాకూ తెలుసు. సులువైన దారి కనుకనే మా అమ్మ దాన్ని పట్టుకుంది. "ఇంటికి పోదాం పా" అన్నాను. పిల్ల మొహం ముడుచుకుంది. దాని తప్పేముంది, నేను ఎన్నడూ చెప్పింది లేదు.

మాది గార్లకు పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదిరేలోపు చేరుకునేంత దూరంలోని ఊరు. ఊరి చివర మా ఇల్లు, ఇల్లు దాటితే జొన్నచేలు, చేలు దాటితే వాగు, వాగు అవతల అడవి. పెద్ద అడవేమీ కాదు. మోదుగ, తునికి, విప్ప, వాటి మధ్య తంగేడు పొదలు. వానలు తగ్గాక వాగులో మోకాలి లోతు నీళ్లే ఉండేవి. అవతలి ఒడ్డు వెంట ఇసుక మెత్తగా ఉండి, చంటిపిల్లల్ని కూడా నడిపించుకుపోయేవాళ్లు. మా నాయనమ్మ కర్ర పట్టుకోకుండా ఆ ఒడ్డంతా తిరిగి వచ్చేది.

బతుకమ్మకు పూలు తేవడం మా దగ్గర మగవాళ్ల పని. చీకటి విడవకముందే పోయి తంగేడు, గునుగు గంపలకెత్తుకుని వస్తే, ఆడవాళ్లు కూర్చుని పేర్చేవాళ్లు. నేను చెప్పే యేడు మా వాడకట్టులో మగవాళ్లు ఎక్కడున్నారు? కొందరు జైల్లో, కొందరు అడవిలో. రజాకార్లు పోయారు, నవాబు రాజ్యం పోయింది, ఇక బతికిపోయాం అనుకున్నాం. ఏం బతికాం, మన్ను! దొర భూముల్లో నాగలి పెట్టినవాళ్ల కోసం కొత్త పోలీసు క్యాంపులు దిగాయి. మా బాపు భూమి కోసం కొట్లాడే సంగంలో తిరిగిన మనిషి. ఆయన కోసం మా ఇంటి ధాన్యపు గాదెలో కూడా తుపాకీ పెట్టి పొడిచి చూశారు.

బాపు ములుగు దగ్గరి ఘనపూర్ అడవుల్లోకి పోయాడని నాయనమ్మకు చెప్పాం. నిజానికి వాగు అవతలే ఉన్నాడు. చలిజ్వరం పట్టుకుని, తోటివాళ్ల వెంట నడవలేక వెనక ఉండిపోయాడు. ఈ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాయనమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. అందులోనూ ఒక్కగానొక్క కొడుకు. తెలిస్తే గుండెలు బాదుకుంటూ వాగు దాటి పోయేది.

వాగు రేవు దగ్గర క్యాంపు పోలీసులు కాపలా ఉండేవాళ్లు. ఎక్కడి నుంచి వచ్చారో, మా మాట ఒక్కటీ వాళ్లకు తెలియదు. వాళ్ల వెంట మా పక్క ఊరి మనిషి ఒకడు, ఇటు మాట అటూ అటు మాట ఇటూ చెప్పడానికి. బతుకమ్మ మొదలైన రోజు అమ్మ నన్ను వెంటేసుకుని గంపతో పోయింది. గంపలో పూలు వాడిపోకుండా పరిచే మోదుగాకులు తప్ప ఏమీ పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. పోలీసులు ఆకులన్నీ దులిపి చూశారు. మర్నాటి నుంచి చూడటం మానేశారు. అప్పటి నుంచి ఆకుల కింద జొన్నరొట్టె, ఇంత పచ్చడి పోయేవి. నేను తంగేడు కోస్తుంటే అమ్మ పెద్ద విప్పచెట్టు వెనక్కి పోయి వచ్చేది. మగవాళ్ల పని మా మీద పడ్డందుకు ఊళ్లో అందరూ అయ్యో అన్నారు. అమ్మ మాత్రం లోపల్లోపల మురిసిపోయింది.

అయిదో రోజు అమ్మ విప్పచెట్టు వెనక నుంచి వచ్చేసరికి ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీ బాపు నన్ను గుర్తువట్టలే బిడ్డా," అంది. ఇంటికి వచ్చాక గార్ల పోయే ఒకామెను బతిమాలి, నాకే జ్వరమని అబద్ధం చెప్పి, దవాఖాన నుంచి గోలీలు తెప్పించింది. అవి చేతికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇక తెల్లారితే గాని పోలేం. తెల్లారితే అలిగిన బతుకమ్మ.

బతుకమ్మ తొమ్మిది రోజుల పండుగైనా ఆరో రోజు ఆట ఉండదు. ఆనాడు తల్లి అలుగుతుందట. పేర్చరు, ఆడరు, పూల జోలికి పోరు. ఇది మా దగ్గర చిన్నపిల్లకు కూడా తెలుసు. "ఇయ్యాల పూలేందే అంటరు గదనే," అని నేనే అన్నాను. అమ్మ రొట్టె మీద ఆకులు సర్దుతూ, "గా పోలీసోళ్లకేం ఎర్క బిడ్డా, గాళ్లకు అన్ని దినాలు ఒక్కటే," అంది. గోలీలు చీర కుచ్చిళ్లలో దోపుకుంది. ఆ గోలీలు అందితే మనిషి దక్కుతాడు, లేకపోతే లేదు. ఆమెకు ఇంకేమీ పట్టలేదు.

అనుకున్నట్టే పోలీసులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆ పక్క ఊరివాడు బీడీ ముట్టించుకుంటూ అటు తిరిగి ఉన్నాడు. మేం నీళ్లలో కాలు పెట్టాం. రేవులో బండ మీద బట్టలు పిండుతున్న నాయనమ్మ తలెత్తింది.

"ఏందే నీ ఆగం! ఇయ్యాల అలిగిన బతుకమ్మ గదనే! గంప వట్టుకొని యాడికి పోతున్నవ్?"

అమ్మ ఆగిపోయింది. "రేపటికి తెస్త అత్తా. రేపైతే దొరుకుతయో దొరకయో."

"రేపటి పూలు ఇయ్యాల తెంపుతరా? నీకేమన్న బుద్ధున్నదా? తల్లి అలిగిన్నాడు పూలకు పోయిన ఆడిదాన్ని నేను పుట్టిన కాన్నుంచి సూడలే! ఊరికి అరిష్టం దెస్తవా?" వాగంతా వినపడేట్టు అరిచింది నాయనమ్మ. ఆమెకు అది భక్తి. కొడుకు క్షేమం కోసం ఆ తొమ్మిది రోజులూ ఒంటిపూట తింటున్న మనిషి.

పోలీసులకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్క ఊరివాడు మాత్రం బీడీ నోట్లో నుంచి తీసి మా వైపు తిరిగాడు. వాడింట్లోనూ బతుకమ్మ ఆడేవాళ్లే. గంప చూశాడు, అమ్మను చూశాడు, నవ్వాడు.

"ముసలామె మాటకేంది గని, నువ్వు పో అక్కా. జర జల్ది రా," అన్నాడు.

వెనక్కి తిరిగితే గంప దులుపుతారు. దులిపితే అడుగున రొట్టె. ముందుకు పోతే వెంట వస్తారు. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు నా మణికట్టుకు గుచ్చుకుంది. అవతలి ఒడ్డు ఎక్కాక మెల్లగా అంది, "ఎనకకు సూడకు బిడ్డా. రోజు నడిచినట్టే నడువ్." నాకు అప్పటికే వెనక నీళ్లలో అడుగుల చప్పుడు వినిపించింది.

ఆ నడక నడిచాం. ఇసుక మెత్తగానే ఉంది. తంగేడు విరగబూసింది. అమ్మ విప్పచెట్టు దిక్కే పోకుండా ఒడ్డు వెంటే సాగింది. పొదల్లో పడుకున్న మనిషికి వినపడాలని గొంతు పెంచి, "గా ఇప్పచెట్టు కాడికి పోవద్దు బిడ్డా, తేనెటీగలు లేచినయ్, కదిలితే కుడుతయ్," అంటోంది. నవ్వుతూ అంటోంది. మధ్యమధ్యలో ఆగి పూలు కూడా తెంపింది. ఆమె ఉపాయమల్లా ఒకటే, ఉత్త పూలతో ఒక చుట్టు తిరిగి ఇంటికి పోవడం. గోలీలు రేపు ఇవ్వొచ్చు. ముందు ఇవాళ మనిషి కదలకుండా ఉండాలి.

జ్వరంలో ఉన్నవాడికి ఆ మాటలు ఏం ఎక్కాయో నాకు తెలియదు. మేం తనను చూడకుండా దాటిపోతున్నామని మాత్రం అర్థమైనట్టుంది. విప్పచెట్టు పట్టుకుని లేచి నిలబడ్డాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, దుప్పటి ఈడ్చుకుంటూ వచ్చాడు. "ఇటు... ఇటున్న," అన్నాడు.

అమ్మ తల తిప్పలేదు. కట్టుకున్న మొగుడు చెట్టు కింద నిలబడి పిలుస్తుంటే, ఎవరో పరాయివాడిని దాటినట్టు దాటి నడిచింది. వాళ్లు ఇంకా చూడలేదేమోనన్న ఆశ. ఆయన మళ్లీ పిలిచాడు. అప్పుడు మా వెనక నుంచి బూట్లు పరిగెత్తాయి.

చేతులు వెనక్కి కట్టి తీసుకుపోయారు. అమ్మ వాళ్ల కాళ్ల మీద పడి గోలీలు చూపించింది, ఒక్కటి నోట్లో వెయ్యనివ్వమని. వెయ్యనివ్వలేదు. పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి కబురు వచ్చింది. పారిపోబోతే కాల్చారట. నిలబడటానికి చెట్టు పట్టుకున్న మనిషి పారిపోయాడట! ఆ అబద్ధం చెప్పిన నోరు పడిపోను అని నేను ఇన్నేళ్లుగా తిడుతూనే ఉన్నాను.

కొడుకు వాగు అవతలే ఉన్నాడని తేలాక కూడా నాయనమ్మ మనసుకు ఎక్కింది ఒక్కటే. కోడలు అలిగిన నాడు పూలకు పోయింది, కొడుకు పోయాడు. తల్లి కోపానికి తన కొడుకు బలైపోయాడని ఆమె నమ్మింది. వాకిట్లోకి ఎవరు వచ్చినా అదే ముచ్చట. "నేను మొత్తుకున్న, ఇనలే. నా మాట ఇంటే నా కొడుకు బతుకుతుండె." పెళ్లిళ్లలో చెప్పింది, చావుల్లో చెప్పింది, మా అమ్మ వడ్డించిన అన్నం తింటూ చెప్పింది. ఊరు కూడా అమ్మను అట్లాగే చూసింది. బతుకమ్మ ఆటకు ఆమెను ఎవరూ పిలవలేదు.

పెద్దదాన్నయ్యాక ఒకనాడు నేను ఇక ఆగలేకపోయాను. "నీ కొడుకును వట్టిచ్చింది నీ నోరే అని మొహం మీద జెప్త," అని లేచాను. అమ్మ తలుపుకు అడ్డం నిలబడింది.

"జెప్తే ఏమొస్తది? ఆ మాట ఇన్ననాడే సచ్చిపోతది. నన్ను దిట్టుకుంటనన్న బతుకుతున్నది. తిట్టనీ."

నాకు అమ్మ మీద కూడా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అంత మంచితనం ఎవరు అడిగారు ఆమెను?

నాయనమ్మకు చివరి దినాల్లో మాట పడిపోయి, ఒక మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. అమ్మ పక్కన కూర్చుని చెంచాతో నీళ్లు పోస్తోంది. నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్లూ సేవ చేసిందని రెండు మంచి మాటలంటుందేమోనని నేను గడపలో నిలబడి చూశాను.

"ఇగనన్న... అలిగిన్నాడు పూలు తెంపకు పిల్లా," అంది నాయనమ్మ.

"తెంప అత్తా. తెంప," అని అమ్మ ఇంకో చెంచా నీళ్లు పోసింది.