పికప్ వెనక పెళ్లికొడుకు

ఈ మధ్య పెళ్లిళ్లలో పానకం బాగుండటం లేదు. బెల్లం వేస్తే మిరియాలు మరచిపోతారు, మిరియాలు వేస్తే అది చారవుతుంది. ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, ఎదురుకోలు పానకం అమృతంలా ఉండేదట. నా పెళ్లిది ఎలా ఉందో మాత్రం చెప్పలేను. అది వేరే ఆయన తాగాడు.

మా మేనమామకు ఆదోనిలో నల్లటి పాతకాలం కారొకటి ఉండేది. కిటికీలకు పట్టు తెరలు, రబ్బరు బుడ్డి హారను. అందులో ఆరుగురు హాయిగా కూచోవచ్చు (నెట్టడానికీ ఆరుగురు కావాలి). పెళ్లికొడుకు అందులో ఎక్కితే ఆడపెళ్లివారి వాకిట్లోనే కాలు కింద పెట్టాలన్నది మామ పెట్టిన ఆచారం. అంతదాకా పోయే పూచీ మాత్రం కారు ఎన్నడూ తీసుకోలేదు.

ఎమ్మిగనూరులో మగ్గాలవారి అమ్మాయితో నాకు గోధూళి ముహూర్తం. మావాళ్లంతా పొద్దున్నే బస్సులో విడిదికి పోయారు. మధ్యాహ్నం నేనూ మామా కారులో బయలుదేరాం. పత్తి చేలు తప్ప మనిషి జాడ లేని చోట కారు నిట్టూర్చి నిలబడిపోయింది.

"ఆగిపోయెనే మామా!"

"ఆగలేదప్పా, దమ్ము తీసుకుంటాంది."

పొద్దు వాలుతున్నా దాని దమ్ము తీరలేదు. అప్పుడు వెనకనుంచి తళతళలాడుతూ కొత్త పికప్ వచ్చింది. అప్పట్లో అలాంటి బండి కనబడితే జనం పని మానుకుని చూసేవాళ్లు. దాన్ని తోలే అన్న ఆదోనినుంచి నూలు మూటలు తీసుకుపోతున్నాడు. శుక్రవారం నమాజు చేసుకుని వస్తున్నట్టుంది. తెల్లటి లాల్చీ, అత్తరు వాసన.

"రాప్పా పెండ్లికొడుకా, నా పక్కన కూకో. రవ్వసేపట్లో దింపుతా."

నేను తలుపు మీద చెయ్యి వేశానో లేదో, మామ గర్జించాడు. "ఆ తగరం డబ్బాలోనా? వాడేమన్నా నూలు మూటా? తాడు కట్టన్నా!"

"ముహూర్తం పోతాది మామా."

"పోతే ఇంగోటి పెట్టుకుందాం. కారు మర్యాద పోతే యాడనుంచి తెచ్చేది?"

తాడు కట్టారు. పికప్ లేపిన దుమ్మంతా పట్టు తెరల్లోంచి నా పట్టు పంచె మీదికే వచ్చింది. ఊరి మొదట్లో పెళ్లికూతురి మేనత్తలు, అవ్వ ఎదురుకోలు పళ్లేలతో నిలబడి ఉన్నారు. వాళ్లెవరూ అంతకుముందు నన్ను చూడలేదు. ముందు కొత్త బండి, అందులో మల్లెపువ్వులాంటి మనిషి. వెనక తాడు చివర ఏదో దుమ్ముకుప్ప. బ్యాండు మోగింది. పికప్ అన్న మెడలో దండ పడింది.

"అమ్మా, నేను కాదమ్మా!" అంటున్నాడాయన. ఆ బ్యాండులో ఎవరికి వినబడుతుంది? అవ్వ ఆయన నోటికి పానకం గ్లాసు అందించింది. దిగబోతే మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"కూకో! వాకిలి రాలేదు."

వాకిలి వచ్చాక దిగాను, తల నుంచి కాళ్లదాకా ఒకే రంగులో. పిల్లనిచ్చే మామగారు పరుగున వచ్చి, ఒకటికి రెండుసార్లు చూసి, గుర్తుపట్టారు. ముహూర్తం ఎలాగో దక్కింది.

ఇప్పుడు ఆ కారూ లేదు, మామా లేడు. దుమ్ముకొట్టుకుపోయి బిక్కమొహం వేసుకున్న ఆ పెళ్లికొడుకు తలపుకొస్తే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. తాళి కట్టి తలెత్తినప్పుడు అవ్వ నా గడ్డం పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అందరికీ వినబడేటట్టే అంది:

"ముందు బండ్లో పిల్లోడే బాగుండె."