ఏసుదాసు పొడుగు లెన్సు

తాండూరులో కెమెరా పట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. దూరంగా నిలబడి దగ్గరి బొమ్మ తీసినవాడు మాత్రం ఏసుదాసు ఒక్కడే. కరణ్‌కోట క్వారీలో తూటా పేలి సున్నపురాయి గాల్లోకి లేచిన క్షణాన్ని తీసింది ఆయనే. బొంరాస్‌పేట ఎడ్ల పందెంలో గెలిచిన జోడు గిట్టల కింద రేగిన దుమ్మును తీసిందీ ఆయనే. ఆ ఫొటో ఇప్పటికీ ఆ రైతు ఇంట్లో దేవుళ్ల పటాల వరసలో ఉంది. ఇవన్నీ పాత రేంజ్‌ఫైండర్ కెమెరాకు పొడుగు లెన్సు బిగించి తీసినవే.

ఆ కెమెరాలో లెన్సు గుండా చూడరు, పక్కనున్న చిన్న కిటికీ గుండా చూస్తారు. అందులో మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్సు రింగు తిప్పుతూ ఆ రెండింటినీ ఒక్కటి చేయాలి. పొడుగు లెన్సుతో వెంట్రుకవాసి తప్పినా బొమ్మ అలుక్కుపోతుంది. అందుకే చాలామంది జంకారు. ఏసుదాసు జంకలేదు.

కానీ ఈ ఏడు కంటి ఆపరేషన్ అయ్యాక తీసిన ఫొటోలు మసకగా వచ్చాయి. వికారాబాద్‌లో స్టూడియో నడిపే పాత దోస్తు లతీఫ్ ఇంటికొచ్చి వాటిని చూసి నవ్వాడు.

"ఏసు భాయ్, ఇగ గా కెమెరాను నా షాపుల అద్దాల బీరువల పెడ్త. పోరగాండ్లు సెల్ఫీలు దిగుతరు."

"గట్లయితె నన్ను గూడ దాని పక్కన కూసోవెట్టు."

మాట పెరిగింది. చివరికి ఏసుదాసే తేల్చేశాడు. "కోట్‌పల్లి ప్రాజెక్టుల హన్మయ్య వల ఇసురుతడు గద. గాల్ల విచ్చుకున్న వలను దారం దారం కనవడేటట్టు తీస్త. మసకొస్తే కెమెరా నీకే. మళ్ల ముట్ట."

లోపలి నుంచి భార్య సుమిత్రమ్మ అందుకుంది. "కండ్లకు ఆపరేషనైంది గని నోటికి గాలే!"

మర్నాడు పొద్దున్నే ఇద్దరు దోస్తులూ కోట్‌పల్లి ప్రాజెక్టు కట్టెక్కారు. హన్మయ్య నీళ్లలో తెప్ప మీద నిలబడి ఉన్నాడు. ఏసుదాసు కిటికీలో ఇద్దరు హన్మయ్యలను ఒక్కడిని చేశాడు. వల మనిషికి ముందు పడుతుంది కాబట్టి రింగును ఇంకొంచెం దగ్గరికి తిప్పాడు. వల లేచింది. నొక్కాడు.

"పడ్డది!" అన్నాడు.

లతీఫ్ కడుపు పట్టుకొని నవ్వుతున్నాడు. "ఏం పడ్డది భాయ్? మూత తీసినవా?"

లెన్సుకు మూత అలాగే ఉంది. మూత ఉన్నా కిటికీలో లోకమంతా వెలుగుగానే కనిపిస్తుంది. ఆ కెమెరా వాళ్లకు మాత్రమే తెలిసిన పొరపాటు అది. ఏసుదాసు చెవులు ఎర్రబడ్డాయి.

"ఎండెక్కింది, చేపలు లోతుకు వోతున్నయి. ఇంకొక్కసారే ఏస్త, ఇంటికి వోత," అని హన్మయ్య నీళ్ల మీది నుంచి కేకేశాడు.

మూత తీసి జేబులో వేసుకున్నాడు ఏసుదాసు. కొత్త కన్ను చెమ్మగిల్లితే తుడుచుకొని, మళ్లీ రెండింటినీ ఒక్కటి చేశాడు. కిటికీ మధ్యలోని చిన్న గీతల చట్రంలో పడినంతే ఫొటో అవుతుంది. దాని చుట్టూ ఉన్నది కూడా కనిపిస్తూనే ఉంటుంది. ఆయన చట్రాన్ని హన్మయ్య ముందున్న ఖాళీ గాలి మీద నిలిపాడు. చట్రం బయట హన్మయ్య నడుము తిరిగింది, మోచెయ్యి వెనక్కి పోయింది. వల ఇంకా రాలేదు. వచ్చేది మాత్రం ఏసుదాసుకు తెలిసిపోయింది. ఊపిరి బిగబట్టాడు. వల చట్రంలోకి దూకి పూర్తిగా విచ్చుకున్న రెప్పపాటులో నొక్కాడు.

రీలు తాండూరులో తనే కడిగి, పెద్ద బొమ్మ వేసి, లతీఫ్‌ను వెంటబెట్టుకొని మళ్లీ కట్టెక్కాడు. "మసకో కాదో హన్మయ్యే చెప్పాలె," అని ముందే అనుకున్నారు.

హన్మయ్య బొమ్మను ముఖం దగ్గరికి తీసుకున్నాడు. వల అంచు వెంట వేలు జరిపాడు.

"థూ దీనెమ్మ! గీ అంచుకు చిరుగుంది!" అని అరిచాడు హన్మయ్య. "నెల సంది ఎతుకుతున్న. రవ్వ చేపలన్నీ గీ సందుల కెల్లే వోతున్నయి!"

లతీఫ్ బొమ్మ లాక్కొని చూశాడు. తెగిన దారం కొస గాల్లో ఊగుతున్నట్టే ఉంది. ఏసుదాసు భుజం మీద ఒక్కటి చరిచాడు. "ఉస్తాద్! మస్తు తీసినవ్ పో!"

హన్మయ్య అక్కడే కూలబడి, ఫొటోను మోకాలికి ఆనించుకొని, వల కుట్టడం మొదలుపెట్టాడు. ఏసుదాసు కొత్త రీలు ఎక్కిస్తూ అన్నాడు. "జర వల ఇటు తిప్పు హన్మయ్యా, అవతలి అంచు గూడ తీస్త."