గోడలు స్నానం చేసిన పూట

ఈ మధ్య సున్నంలో నీలిమందు మరీ ఎక్కువ కలుపుతున్నారు. యుద్ధం అయిపోయినా బియ్యం సరిగా దొరకడం లేదు, కిరసనాయిలు దొరకడం లేదు, నీలిమందుకు మాత్రం దేశంలో కరువున్నట్టు లేదు. కర్నూలులో నా ఇంటి వసారా గోడ నిన్నటి నుంచి జబ్బు మనిషి పెదవుల్లా ఉంది. కానీ తొట్టిలో సున్నం ఉడుకుతున్నప్పుడు లేచే ఆ ఘాటు వాసన తగలగానే నా కోపం నిలవలేదు. అది మా జేజి వాసన. జేజి దగ్గర నెయ్యి వాసన వచ్చేదనీ, వక్కాకు వాసన వచ్చేదనీ ఇతరులు రాస్తుంటారు. మా నాయన తల్లి ఓబుళమ్మ దగ్గర తడిసున్నం వాసన వచ్చేది.

కడప జిల్లాలో మాది చిన్న మునిసిపాలిటీ ఊరు. మా వీధిలో అన్నీ మిద్దెలే: రాతిగోడలు, వేపదూలాలు, పైన వాన దిగకుండా చౌడుమట్టి, వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచి. మధ్యాహ్నం గవాచిలోంచి దిగే ఎండలో దుమ్ము ఆడుతుంటే, చల్లటి నాపబండల మీద బోర్లా పడుకొని, ఊరిబిండి పూసిన జొన్నరొట్టె కొరుకుతూ, ఆ ఎండ ఏ బండ దాటితే మమ్మల్ని బిళ్ళంగోడు ఆటకు వదులుతారో చూసుకునేవాళ్ళం.

కొన్నేళ్ళకోసారి, ఉగాది బక్షాల తీపి నోట్లో ఆరకముందే, ఇండ్లకు విలువ కట్టే ఆయన వచ్చేవాడు. తలపాగా, కోటు, చంకలో టేపు. గోడను వేళ్ళతో తట్టేవాడు, దూలంలో గోరు గుచ్చి చూసేవాడు. ఆయన కట్టిన విలువను బట్టి ఇంటిపన్ను. అందువల్ల దండోరా పడగానే మా వీధి పేదదైపోయేది. అంత ఐకమత్యంగా మావాళ్ళు ఇంకే పనీ చేయగా నేను చూడలేదు. తెల్లగోడలకు ఎర్రమట్టి పూసేవారు, బండల మీద పేడ అలికేవారు, మిద్దె అంచున గడ్డి పరిచి కొట్టంలా చేసేవారు, ఎనుమును తెచ్చి నడవలో కట్టేసేవారు. పక్కింటి ఖాసిం మామ తన చెక్కుడు తలుపును ఊడదీసి గడ్డివాములో దాచి, వాకిలికి గోనెపట్ట వేలాడదీసేవాడు. పిల్లలమైన మాకు అదొక పండుగ. పిండివంటలు మాత్రం ఉండవు, వాసన ఆయన ముక్కుకు చేరుతుందని.

మా జేజి ఒక్కతే సరిగ్గా ఆ వారమే ఇంటికి సున్నం కొట్టేది.

"నీ ఇల్లట్లా తెల్లగా మెరుస్తాంటే మా పేదరికం యాడ నమ్ముతాడక్కా?" అని ఖాసిం మామ మొత్తుకునేవాడు.

"మా మామ రాళ్ళు మోసి కట్టిన ఇల్లప్పా ఇది. నా నోటితో నేనే కొట్టమంటానా? పో, పో," అని జేజి కుంచె ముంచేది. పన్ను కట్టేది మా నాయన గనుక ఆయన అభిప్రాయం వేరుగా ఉండేది. దాన్ని ఆయన పెరట్లో చెప్పుకునేవాడు.

ఒకసారి గడువు ఏళ్ళు నిండకముందే, ఉగాది దాటగానే దండోరా పడింది. వీధి అలవాటుగా మట్టి పూసుకుంది. ఆయన వచ్చి, ఇంటింటా ఎనుమును తప్పించుకుంటూ చూసినదంతా రాసుకున్నాడు. ఎన్నడూ లేనిది, ఒక్క అనుమానమూ పడలేదు. అందరూ లోలోపల సంతోషించారు. చివరికి మా అరుగు మీద చెప్పులు విడిచి కూర్చొని, జేజి ఇచ్చిన మజ్జిగ తాగి, మీసం తుడుచుకుంటూ చెప్పాడు: రైలు స్టేషనుకు రోడ్డు పడుతోంది, ఈ వరస ఇండ్లన్నీ పోతాయి, ఈసారి విలువ కట్టింది పన్నుకు కాదు, ఇండ్లు పోయేవాళ్ళకు సర్కారు ఇచ్చే పరిహారానికి.

ఖాసిం మామ గడ్డివాము దగ్గరికి పరుగెత్తి, తలుపును నెత్తిన పెట్టుకొని వచ్చాడు.

"ఇది నా తలుపే సార్!"

"నేను చూసినప్పుడు గోనెపట్ట ఉండె గదప్పా. చూసిందే రాసినా," అన్నాడాయన.

అందులో అబద్ధం లేదు. కానీ ఆ రాతను బట్టి వచ్చే పరిహారంతో మా వీధివాళ్ళు నిజంగానే కొట్టాలు కట్టుకోవాలి.

ఏళ్ళ తరబడి తనను ఎగతాళి చేసిన వీధిని చూసి జేజి నవ్వుతుందనుకున్నాను. ఆమె లోపలికి పోయి నీళ్ళబిందె ఎత్తుకొచ్చి ఖాసిం మామ గోడ మీద కుమ్మరించింది. ఎర్రమట్టి కారిపోయి తెల్లటి సున్నం బయటపడింది.

"ఇప్పుడు చూసినావు గదా నాయనా. ఇది రాసుకో."

"ఒకసారి రాసినాక కొట్టేసేదానికి లేదమ్మా."

"అయితే పోయేదానికీ లేదు," అని జేజి ఆయన చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకొని అరుగు మీద కూర్చుంది. "పోయి ఆ గోడ తట్టి చూడు. కొట్టమైతే కూలుతాది. మిద్దె అయితే నీ చెయ్యి నొస్తాది."

ఆ ఎండలో మా వీధి బండల మీద వట్టికాళ్ళతో నడిచిపోగల ఉద్యోగిని సర్కారు ఇంకా నియమించలేదు. ఈలోగా ఇంటింటి నుంచీ బిందెలు బయలుదేరాయి. దూరం బావి నుంచి మోసుకొచ్చి, గుక్కెడు గుక్కెడుగా వాడుకునే నీళ్ళను ఆడవాళ్ళు నడి ఎండాకాలంలో గోడలకు తలారా పోశారు. ఎర్రటి బురద వీధంతా పారింది. మేము అందులో జారి పడుతూ లేస్తూ ఉంటే ఎవరూ తిట్టలేదు. ఆయన అదంతా చూసి, తలపాగా సర్దుకొని, టేపు విప్పాడు. మొదటి ఇంటి వైపు తిరిగాకే చెప్పులు తిరిగి దొరికాయి. ఖాసిం మామ తన తలుపును విడిగా రాయించుకున్నాడు, దాన్ని నెత్తి మీద నుంచి దించకుండానే.

రోడ్డు వచ్చింది, వీధి పోయింది. కొత్త ఇంటికి కూడా ఏటేటా సున్నం కొట్టి కొట్టి జేజీ పోయింది. నేను రొట్టె కొరుకుతూ పడుకున్న చోటు మీదుగా ఇప్పుడు బస్సులు పోతున్నాయి. గవాచి అంటే మా పిల్లలు ఏమిటని అడుగుతున్నారు.

రేపు ఇంటిపన్ను కోసం నా ఇంటికీ విలువ కట్టే ఆయన వస్తున్నాడు. పక్కింటి ప్లీడరుగారు తమ రేడియోను దాచమని నిన్న మా ఇంటికి పంపారు. దాన్ని వసారాలో బల్ల మీద పెట్టించాను. సున్నం కొట్టే దావీదు దాన్ని చూశాడు, గోడను చూశాడు, కుంచె దించి నన్ను చూశాడు.

"శానా సదివినావంటారు గానీ సామీ, నీకు తెలివి లేదు."